పోయిన పనిదినాలు

బిడ్డ పోయిన రోజు సాయంత్రం అయిదింటికల్లా కాలేజీల బిజినెస్ పోటీకి మా జట్టు మొదటి రౌండు నివేదిక పంపాలి. ఆస్పత్రి మంచం మీదే చివరి పేజీ సరిచూసి పంపాను. అప్పటికి నాకు నాలుగో నెల. అత్తయ్య పక్క మంచం ఆవిడతో చెబుతున్నారు. "ఆ పోటీ పోటీ అంటూ కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని, పోగొట్టుకుంది."

నేను బడిలో భాషాపాఠాలు చెబుతాను. ఏడో తరగతికి ఏటా ఒక పాఠం ఉంటుంది. గ్లాసు పగిలింది, గ్లాసు పగలగొట్టాడు. మొదటి వాక్యంలో ఆ పని ఎవరు చేశారని అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో అంటారు, "ఎవరూ చెయ్యలేదు టీచర్, దానంతటదే పగిలింది!" వాళ్ళ ఇళ్ళలో అన్నీ వాటంతటవే పగులుతాయి. "అమ్మ మాటలు పట్టించుకోకు" అన్నారు ఆ రాత్రి ఆస్పత్రిలో మా ఆయన. మర్నాడు వాళ్ళ అక్కయ్యతో ఫోన్లో మాట్లాడుతూ ఆయన కూడా పోయింది అనలేదు. పోగొట్టుకుంది అన్నారు.

అయిదు నెలల తరవాత ఫైనల్స్‌కి వచ్చాం. పదకొండు దేశాల విద్యార్థుల జట్లు. సాయంత్రం క్లాసుల్లో బిజినెస్ కోర్సు చదువుతున్న ముప్పై ఎనిమిదేళ్ళ టీచర్ని నేనొక్కదాన్నే. మా జట్టులో మిగతా ఇద్దరూ నాకంటే పదిహేనేళ్ళు చిన్న. అందరం కెప్టెన్ అని పిలిచే అతనొకడు, ఊరికే నవ్వే ఒక అమ్మాయి. బయల్దేరే ముందు నాలుగు రోజుల కూరలు వండి, డబ్బాల మీద వారాల పేర్లు రాసి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను. పొద్దున ఆయన ఫోన్ చేశారు. "మంగళవారం మూత రావట్లేదు."

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ఒక కంపెనీ కష్టాన్ని ఇరవై పేజీల్లో చేతికిచ్చి, గదిలో కూర్చోబెట్టి తలుపేస్తారు. ఆరు గంటల్లో పరిష్కారం ఆలోచించి జడ్జీల ముందు చెప్పాలి. మాకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీ వచ్చింది. సరుకు గడువుకి అందడం లేదట. చివరి పేజీలో, కుట్టే ఆడవాళ్ళు పనికి రాని రోజుల పట్టిక ఉంది. దాని పేరు 'పోయిన పనిదినాలు'.

"సింపుల్," అన్నాడు కెప్టెన్. "ముప్పై అయిదు దాటి, పిల్లలు పెద్దవాళ్ళయినవాళ్ళనే తీసుకుంటే లీవులు సగానికి పడిపోతాయి. టీచర్, మీ చెయ్యి నీటు కదా, ఆ స్లైడు మీరు చేసెయ్యండి. చెప్పడం కూడా మీరే. ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళే చెబితే బాగుంటుంది."

చేశాను. ఇంట్లో ఎవరైనా ఏదైనా అందుకోమంటే చెయ్యి ముందు వెళ్తుంది, బుర్ర తరవాత వస్తుంది. ఇదీ అలాగే అయింది. రంగులు చూశాను, అచ్చుతప్పులు దిద్దాను. 'నమ్మదగిన సిబ్బంది' అని దానికి పేరు కూడా నేనే పెట్టాను.

హాలు బయట కారిడార్లో గోడకి ఆనుకుని వల్లె వేసుకున్నాను. "ఈ రోజులను పోగొడుతున్నది..." అనగానే నాలుక ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది. పట్టిక తీసి చూశాను. నాలుగో వరుసలో ఒకావిడ, తొమ్మిది రోజులు, జ్వరం. బిడ్డ పోయాక నేను బడికి వెళ్ళనిదీ తొమ్మిది రోజులే. సెలవు చీటీలో నేనూ జ్వరమనే రాశాను.

భయం వేసింది, జడ్జీలంటే కాదు. ఇప్పుడు నేను కాదంటే బహుమతి పోతుంది. పోయిందని ఎవరూ అనరు, టీచర్ పోగొట్టింది అంటారు. ఆ మాట ఇంకోసారి విని నిలబడగలనని నాకు నమ్మకం లేదు.

"కెప్టెన్, ఈ స్లైడు నేను చెప్పను." గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"జోకా టీచర్?"

"కాదు."

"లోపలికి వెళ్ళబోయే ముందా చెప్పేది? ఆరు గంటలు గదిలో ఏం చేశారండీ?"

"మీరు చెప్పింది చేశాను."

అమ్మాయి నవ్వింది. "స్టేజి భయం కెప్టెన్, అంతే. నేను చెప్తాలే."

"నువ్వూ చెప్పొద్దమ్మా. ఈ లెక్కన ఇంకో పన్నెండేళ్ళ దాకా నిన్నెవరూ పనిలో పెట్టుకోరు."

ఆ అమ్మాయి నవ్వు ఆపి, వంగి స్లైడు చదవడం మొదలుపెట్టింది.

"మరి లోపల ఏం చూపిద్దాం, ఖాళీ తెరా?" అన్నాడు కెప్టెన్. "ఓడిపోతే కాలేజీలో జవాబెవరు చెప్తారు?"

"నేను చెప్తాను."

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకుని ఆ స్లైడు చెరిపేశాను. అతను నా చెయ్యి పట్టుకోబోయి, ఏమనుకున్నాడో, వెనక్కి తగ్గాడు.

తలుపు తీసుకుని ఒకావిడ బయటికొచ్చి మా జట్టు నంబరు పిలిచింది. మా వంతుకి ఇంకా పన్నెండు నిమిషాలుందని చెప్పింది.

ఆ ఆడవాళ్ళు నిజంగా ఎందుకు రాలేదో ఇరవై పేజీల్లో ఎక్కడా లేదు. అది నేను చెప్పాలి. ఇంకా ఒక్క వాక్యం కూడా రాయలేదు.