పేరు చెక్కించిన ప్లేయరు

మా నాన్నకు పనిముట్లు కొనడమంత దండగ పని లోకంలో ఇంకొకటి లేదు. ఈ మాట నేను ప్రతి డిసెంబరులోనూ అంటాను. అని, మళ్లీ వెళ్లి కొంటాను.

ఆయన పేరు శౌరి. ఎడ్లపాడు దగ్గర మా ఊళ్లో తిరగని ఫ్యానైనా, మొండికేసిన మోటారైనా ఆయన చేతిలో పడితే దారికి రావాల్సిందే. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడు. అది ఆయన ఇష్టం, నేనేమీ అనను. నాకు ఒళ్లు మండేది సామాను దగ్గరే. ఒక క్రిస్మస్‌కి పానాల సెట్టు ఇస్తే, పండగ వెళ్లిన వారానికే అది ఆంజనేయులు మామ పొలానికి పోయింది. ఇప్పటిదాకా తిరిగి రాలేదు. ఇంకో ఏడు డ్రిల్లింగ్ మిషన్ ఇస్తే, అది ఎవరింట్లో ఉందో ఆయనకే తెలియదు. "ఉంటదిలేమ్మా యాడో చోట. పనిలోనేగా ఉండేది" అంటాడు. నెత్తీ నోరూ కొట్టుకోవడం తప్ప నేను చేసేదేముంది!

పోయినేడు మాత్రం అది నవ్వులాట కాలేదు. పండగకు రెండు రోజుల ముందు చర్చి మీద స్టారు కడుతూ, కరెంటు షాకు కొట్టి నిచ్చెన మీద నుంచి పడ్డాడు. మూడు నెలలు కుడి చెయ్యి పైకి లేవలేదు. "మంచి కటింగ్ ప్లేయరు ఎవురికో ఇచ్చి, రబ్బరు ఊడిందాంతో ఎక్కాడే" అని అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నరసరావుపేటలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసు నుంచి ఉన్నపళాన ఊరికి బయల్దేరాను.

అందుకే ఈ ఏడు పట్టుబట్టాను. ముందుగానే ఫోను చేసి అడిగాను.

"నాన్నా, నీకేం సామాను కావాలో చెప్పు."

"నాకేమొద్దమ్మా. వీలైతే స్టారు కట్టే రోజు రా."

"అది కాదు నాన్నా, కొనడానికి ఏం కావాలి?"

"చెప్పాగదా, ఏమొద్దు. నువ్వు రా."

విసుగొచ్చి ఫోను పెట్టేశాను.

హార్డ్‌వేర్ కొట్టు ఆసియా అక్క నన్ను చూడగానే నవ్వింది. "ఏటా ఇయ్యే కొంటున్నావు చెల్లెమ్మా. మీ నాయన వీటిని తింటున్నాడా ఏంది?"

"ఊరంతా తింటోందక్కా" అన్నాను.

కరెంటు పనికి అన్నిటికంటే మంచిది ఇమ్మన్నాను. రెండు పిడులకూ ఎర్రటి మందపాటి రబ్బరు తొడుగు ఉన్న కటింగ్ ప్లేయరు చేతిలో పెట్టింది. ఈ తొడుగు ఉన్నంత వరకు కరెంటు చేతిదాకా రాదంది. నాక్కావలసింది అదే. తీసుకున్నాను. కానీ ఇది మాత్రం ఇంట్లో నిలుస్తుందన్న నమ్మకం ఏమిటి? అప్పుడు ఎదురుగా ఉన్న స్టీలు సామాన్ల కొట్టు కనిపించింది. పెళ్లివారెవరో బిందెల మీద పేర్లు కొట్టించుకుంటున్నారు. ఏ ఫంక్షనుకు పోయిన గిన్నె అయినా, పేరుంటే ఇల్లు చేరుతుంది. ప్లేయరు మాత్రం ఎందుకు చేరదు?

పేర్లు కొట్టే గోపాలకృష్ణయ్య గారు ప్లేయరును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఈ మిషను స్టీలుకమ్మా. రబ్బరు మీద కొడితే రెండ్రోజుల్లో అరిగిపోయిద్ది."

"అయితే అరగకుండా లోతుగా చెక్కండి బాబాయ్ గారూ."

"కాల్చిన సువ్వతో అయితే పడిద్ది గానీ, ఎందుకమ్మా చక్కటి పిడిని..."

"మీరు చెక్కండి. డబ్బులిచ్చేది నేనేగా!"

రబ్బరు కాలిన కంపు లేచింది. రెండు పిడుల మీదా 'శౌరి' అని పడింది. అక్షరాల అడుగున తెల్లగా తళుక్కుమంటోంది. చూసుకుని ఎంత మురిసిపోయానో!

నాన్న నిచ్చెన ఎక్కేలోపే అది ఆయన చేతిలో పెట్టాలని, ఇరవై మూడో తారీఖు మధ్యాహ్నానికల్లా ఊళ్లో దిగాను. ఆయన వాకిట్లో స్టారుకు వైరు చుడుతున్నాడు. ప్లేయరు తీసి ఇచ్చాను. పిడి మీది అక్షరాలను బొటనవేలితో మెల్లగా తడిమాడు. నవ్వలేదు.

"ఇంక దీన్ని ఎవడూ ఉంచుకోలేడు" అన్నాను గొప్పగా.

"నిజమేనమ్మా. దీన్ని ఎవురికీ ఇయ్యలేను" అన్నాడు. "ఇట్టా రా. ఈ అక్షరాల్లో మెరిసేది ఏందో చూశావా? ఇనుము. తొడుగు తెగింది. దీంతో లైను ముట్టుకుంటే కరెంటు నేరుగా చేతికే."

షాకు కొట్టకూడదని కొన్నదాన్ని, షాకు కొట్టేలా నేనే దగ్గరుండి చెక్కించాను. ఆ ఉక్రోషం ఎవరి మీద చూపించాలో తెలియక ఆయన మీదే విరుచుకుపడ్డాను.

"అంతా నీవల్లే! నువ్వు ఊరికి పంచకపోతే నాకీ ఖర్మ ఏంది?"

"ఏమే, వచ్చీ రాగానే ఏందా అరుపులు?" అంటూ అమ్మ బయటికొచ్చింది.

"అరవనా? మళ్లీ పడితే ఏం చెయ్యాలి? ఏం కొంటే ఈయన క్షేమంగా ఉంటాడో ఒక్కమాట చెప్పమను!" నాకు ఏడుపు ఆగలేదు.

నాన్న ప్లేయరు పక్కన పెట్టాడు. "పోయినేడు ప్లేయరు బాగలేక పడలేదమ్మా. మెయిన్ స్విచ్ ఆపే ఎక్కా. పాటలు నేర్చుకునే పిల్లలు మైకు రావట్లేదని వచ్చి మెయిన్ వేశారు. నేను పైనుండానని వాళ్లకేం తెలుసు?"

"ఈ ముక్క ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఆ పిల్లలు కుమిలిపోతారు. అయినా నిన్ను రమ్మన్నాగదా. మెయిన్ కాడ నిలబడేదానికి మన మనిషి ఒకరుంటే చాలు."

రమ్మన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. కొట్లో దొరికేది కాదు కాబట్టి ఆ మాట నా చెవికే ఎక్కలేదు.

ఒక గంట తర్వాత చర్చి వరండాలో మెయిన్ స్విచ్ ముందు నిలబడ్డాను. నాన్న తన పాత ప్లేయరు పిడికి కొత్త టేపు చుట్టుకుని పైకెక్కాడు. పది నిమిషాలు కాకముందే లోపలి నుంచి ఒక పిల్ల వచ్చింది. "అక్కా, కీబోర్డు ఆగిపోయింది, కరెంటు..."

"ఆగు."

కాసేపటికి చర్చి పెద్ద నెహెమ్యా పెదనాన్న వచ్చాడు. "ఇంకెంతసేపమ్మాయ్? పిల్లలు ఎదురుచూస్తున్నారు" అంటూ స్విచ్ వైపు చెయ్యి చాపాడు.

"పెదనాన్నా, చెయ్యి తియ్యి! పైన మా నాన్నుండాడు. దీని మీద ఎవరు చెయ్యేసినా ఊరుకోను!"

నా కేకకు లోపల పిల్లల గోల ఆగిపోయింది. పైనుంచి నాన్న నవ్వు వినిపించింది. "అయిపోయిందమ్మా, వెయ్యి."

"ముందు నువ్వు దిగు!"

"స్టారు ఎలగద్దో లేదో చూడాలిగా."

"దిగినాకే చూద్దాం. దిగు నాన్నా!"

గొణుక్కుంటూ ఒక్కో మెట్టే దిగాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన కుడి చెయ్యి గట్టిగా పట్టుకుని, అప్పుడు మెయిన్ వేశాను.