ఉప్పునీళ్ల గ్రౌండు

ఇంకో పీపా బోర్లించేసరికి పెంచల్ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నీళ్లు తాగిన మేర ఇసుక ముదురురంగు తేలి, చూస్తుండగానే మళ్లీ తెల్లబడుతోంది. మంచినీళ్లయితే గ్రౌండుకు పనికిరావు. కువైట్‌లో ఈ షుఐబా క్యాంపుల్లో మరుగుదొడ్లకూ చెట్లకూ వచ్చే ఉప్పునీళ్లే కావాలి. అవి చల్లి, పైన ఇనపగొట్టం అడ్డంగా లాగి చదును చేస్తే, ఎండ పడ్డాక పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు మీద బంతి దొర్లుతుంది, కాలు కూరుకుపోదు. కొన్నాళ్లు వదిలేస్తే గాలికి పెచ్చు లేచిపోయి మళ్లీ మామూలు ఎడారే మిగులుతుంది.

మునుపు ఈ పని ట్యాంకరు చేసేది. ఇరాక్ సైన్యం వచ్చిన వారంలోనే ట్యాంకరు పోయింది. డ్రైవరు తీసుకుపోయాడని కొందరూ, సైనికులు తీసుకుపోయారని కొందరూ అన్నారు. అప్పటినుంచి పెంచలే సామాన్లు లాగే నాలుగు చక్రాల బండి మీద పీపా పెట్టుకుని, క్యాంపు వెనక కొళాయికీ గ్రౌండుకూ మధ్య తిరుగుతున్నాడు. పొట్టి మనిషి. కొంచెం దొడ్డికాళ్లు. నుదుటి మీద జుట్టు వెనక్కి జరిగి ముప్ఫై నిండకముందే నలభై ఏళ్లవాడిలా కనిపిస్తాడు. ఎడమకాలి బొటనవేలి గోరు ఏనాడో నల్లబడి, ఊడి, వంకరగా మళ్లీ వచ్చింది. బరువు లాగేటప్పుడు నాలుక కొన పంటికింద పెట్టుకోవడం చిన్నప్పటి అలవాటు.

కడప కాలేజీలో చదివేటప్పుడు అతను జట్టులో లెఫ్ట్ బ్యాక్. యూనివర్సిటీ తరపున కూడా ఆడాడు. బియ్యే అయ్యాక పోలీసు టీము సెలక్షన్లకు హైదరాబాదు వెళ్లాడు, రైల్వే సెలక్షన్లకు సికింద్రాబాదు వెళ్లాడు, ఒక బ్యాంకు టీముకోసం మద్రాసు కూడా వెళ్లొచ్చాడు. ఎక్కడా పేరు రాలేదు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడిన వాడికి ఆ మూడు గుమ్మాలూ మూసుకుంటే నాలుగోది లేదు. యర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిషు మిషను మీద చేరాడు. రాతిపిండి కొట్టుకుని ఇంటికొచ్చేవాడు. పెళ్లయింది. బంతి సంగతి అందరూ మరిచిపోయారు, అతను తప్ప.

అలాంటప్పుడు తెలిసింది కువైట్ లీగు గురించి. షుఐబాలో కాంట్రాక్టు కంపెనీలు కొన్ని కలిసి సొంతంగా పెట్టుకున్న లీగది. శుక్రవారాలు ఆట. కేరళ, గోవా, కలకత్తా, హైదరాబాదు కాలేజీల్లో ఆడి, ఆపైన ఎవరికీ అక్కరలేకపోయిన పిల్లలను ఏరి తెచ్చుకునేవారు. వీసాలో హెల్పరనో, పెయింటరనో ఉంటుంది. పొద్దున షిఫ్టు పని, సాయంత్రం ప్రాక్టీసు, ఆడినందుకు వేరే జీతం. ఆ మాట చెబితే భార్య వెంకటేశ్వరి నమ్మలేదు. "ఆడుకుంటే దుడ్లిస్తారా? మా ఊర్లో ఆడుకునే పిల్లోళ్లను తంతారు" అంది. పెంచల్ వచ్చి చేరి, మొదటి నెల డబ్బు పంపాక మాత్రం, మా ఆయన కువైట్‌లో ఫుట్‌బాల్ ఆడతాడని ఊరంతా చెప్పుకుంది.

అది పూర్తిగా నిజం కాదని ఆమెకు తెలియదు. కంపెనీకి లెఫ్ట్ బ్యాక్ అప్పటికే ఒకడున్నాడు, కాలికట్ అతను. మంచి ఆటగాడు, మంచివాడు కూడాను. సీజన్ల తరబడి పెంచల్ గీత బయట బెంచీ మీదే కూర్చున్నాడు. నీళ్ల బుడ్లు అందించాడు. పిక్క పట్టేసినవాడి కాలు సాగదీశాడు. ఆట ఆఖరి నిమిషాల్లో, గెలుపో ఓటమో తేలిపోయాక, ఎవరో ఒకరు అలిసిపోతే లోపలికి పంపేవారు. ఒళ్లు వేడెక్కే లోపల ఈల పడేది.

జూలైలో కాలికట్ అతను మోకాలి ఆపరేషనుకని సెలవు మీద ఇంటికి వెళ్లాడు. టీము చూసుకునే ఇంజనీరు వెంకటసత్యనారాయణ, విజయవాడ మనిషి, పెంచల్‌ను ఆఫీసు వరండాలోకి పిలిచి, సిగరెట్టు ఆర్పి మరీ చెప్పాడు. "అతను ఇక రాడయ్యా. ఈ సీజను లెఫ్ట్ బ్యాక్ నువ్వే. అక్టోబరులో మొదటి ఆటకల్లా ఒళ్లు సిద్ధం చేసుకో."

ఆగస్టులో సైన్యం వచ్చింది. వీసాలిచ్చిన కువైటీ యజమాని, కఫీల్, కుటుంబంతో సౌదీకి వెళ్లిపోయాడు. వెంకటసత్యనారాయణ భార్యాపిల్లలను కారులో ఎక్కించుకుని బస్రా దారి పట్టాడు. పని లేదు, జీతం లేదు. మొదట్లో శుక్రవారాలు మిగిలినవాళ్లంతా వచ్చి బంతి తన్నారు. తర్వాత సగం మంది, తర్వాత పిడికెడు. పోయిన శుక్రవారం వచ్చినవాళ్లు ఆడకుండా బస్సుల సంగతి మాట్లాడుకుని వెళ్లిపోయారు. పెంచల్ మాత్రం నీళ్లు చల్లుతూనే ఉన్నాడు. ఇవాళ కాదు రేపు కాదు, అక్టోబరులో కదా ఆట. అప్పటికి అన్నీ సర్దుకోవచ్చు. సర్దుకున్నాక తాను లేకపోతే ఆ చోట ఇంకెవరినో నిలబెడతారు. ఇంత దూరం వచ్చి, ఇన్నేళ్లు కూర్చుని, పిలుపు వచ్చాక ఊళ్లో ఉంటే ఏం లాభం? అతని లెక్క అంతే.

పీపా పక్కన పెట్టి మెస్సుకు వెళ్లేసరికి వంటమనిషి ఖాజా హుస్సేన్ రొట్టెలు కాలుస్తున్నాడు. రాయచోటి మనిషి. పొట్ట ముందు నడిస్తే తాను వెనక నడుస్తాడు. టీముకు ఏళ్లుగా వండిపెట్టాడు గాని బంతి ఒక్కసారీ ముట్టుకోలేదు. బియ్యం అడుగంటాయి, పిండి ఒక్కటే ఉంది. పళ్లెంలో రెండు రొట్టెలూ నీళ్లపప్పూ పెట్టి, సాయంత్రం పక్క ఊరు ఫహాహీల్ నుంచి బస్సు కదులుతుందని చెప్పాడు. బస్రా, బగ్దాదు, అక్కణ్నుంచి అమ్మాను నగరం. అక్కడికి మన దేశం విమానాలు వస్తున్నాయట. రెండు సీట్లు చెప్పి పెట్టాడు.

పెంచల్ తనకు వద్దన్నాడు.

"ఎందుకప్పా? ఈడ ఎవురుండారని? నాకు నువ్వు, నీకు నేను, మనిద్దరికీ ఈ పిండిమూట" అన్నాడు ఖాజా.

"నువ్వు పో. సీజను ముందర నేను కదిల్తే బాగుండదు."

ఖాజా పెనం మీద రొట్టె మాడేదాకా అతని ముఖం చూశాడు. చూసి, మాడిన రొట్టె తన పళ్లెంలో వేసుకున్నాడు.

తిన్నాక పెంచల్ గీతలు వేయడం మొదలుపెట్టాడు. సున్నం గాలికి నిలవదని ఇక్కడ లారీ ఇంజన్లలోంచి దించిన నల్ల ఆయిలు పోసి గీతలు వేస్తారు. వేసవి ముందు వేసినవి ఇసుక కింద కలిసిపోయాయి. గోల్ స్తంభాలు కూడా లేవు. తాము తవ్వుకున్న మోర్చా గుంట కప్పుకు పనికొస్తాయని సైనికులు పెరికి పట్టుకుపోతే, వాటి చోట రెండేసి రాళ్లు పెట్టాడు. గీతలు కనిపిస్తే, చుట్టుపక్కల క్యాంపుల్లో మిగిలినవాళ్లన్నా సాయంత్రానికి వస్తారనుకున్నాడు. చిల్లు పెట్టిన డబ్బాతో వంగి నడుస్తూ నాలుగు వైపులా గీశాడు. మధ్యగీత గీశాడు. నడుమ మేకు కొట్టి, తాడు కట్టి, పెద్ద వలయం తిప్పాడు. లేచి నిలబడి చూసుకున్నాడు. తెల్లటి నేల మీద నల్లగా, కొట్టొచ్చినట్టుగా ఉంది.

జీపులో పోతున్న సైనికులకూ అది అలాగే కనిపించింది.

ముగ్గురు దిగారు. ఇద్దరు కుర్రవాళ్లు. మూడో అతనికి మీసాలు నెరిశాయి, బూట్లకు లేసులు లేవు. వలయం అంచు మీద బూటు ఆనించి, "షినూ హాదా?" ఏమిటిది అని అడిగాడు.

పెంచల్ "కురా, కురా" అన్నాడు. కాలితో గాలిని తన్ని చూపించాడు.

పెద్ద సైనికుడు చూపుడువేలు ఆకాశానికెత్తి గిరగిరా తిప్పాడు. ఆ వేలునే కిందికి దించి వలయం మధ్యలో పెట్టాడు. "అమ్రీకీ" అన్నాడు. పెంచల్‌కు అప్పుడు అర్థమైంది. గోల్ స్తంభాలు లేని మైదానంలో గుండ్రటి గుర్తు వేసి, మధ్యలో అడ్డగీత గీసి పెట్టినవాడు హెలికాప్టరు దిగడానికి చోటు చూపిస్తున్నట్టే ఉంటాడు. రాళ్లు చూపించాడు, ఇదే గోల్ అని. సైనికుడు రాళ్లనూ చూశాడు, అతన్నీ చూశాడు, ఖాళీ నేలనూ చూశాడు.

"వేన్ ఫరీక్?"

జట్టు ఏది? ఆ మాట పెంచల్‌కు బాగా తెలుసు. ప్రతి ఆటకు ముందూ రిఫరీ అడిగేదే. చేతులు రెండూ వేలాడదీసి నిలబడ్డాడు. కుర్రవాళ్లలో ఒకడు తుపాకీ భుజం మీంచి దించాడు.

అప్పుడు మెస్సు వైపునుంచి ఖాజా హుస్సేన్ వచ్చాడు. పరిగెత్తలేదు. లుంగీ పైకి మడిచి కట్టుకుని, చేతుల పిండి దులుపుకుంటూ, సలాం చెప్పి, వాళ్ల పక్కనుంచే నడిచి వెళ్లి రెండు రాళ్ల మధ్య నిలబడ్డాడు. మోకాళ్లు వంచి, చేతులు చాచి, టీవీలో చూసినట్టుగా అటూ ఇటూ ఊగాడు.

"కొట్టప్పా" అన్నాడు. "మెల్లగా కొట్టు."

పెంచల్ గీత పక్కన పెట్టిన బంతి తెచ్చాడు. లెఫ్ట్ బ్యాకుకు పెనాల్టీ కొట్టే పని ఎప్పుడూ పడదు. రెండడుగులు వెనక్కి వేసి ఎడమకాలితో తన్నాడు. బంతి తిన్నగా వెళ్లి ఖాజా పొట్టకు తగిలింది. అతను దాన్ని కావలించుకుని దబ్బున కూలబడ్డాడు. లేవడానికి ప్రయత్నించి మళ్లీ కూలబడ్డాడు. కుర్ర సైనికులిద్దరూ నవ్వారు. పెద్దతను నవ్వలేదు గాని, తుపాకీ దించినవాడికి దాన్ని మళ్లీ భుజానికి తగిలించుకోమని సైగ చేశాడు. తర్వాత గీతలన్నీ చూపించి, బూటుతో గీరి, సూర్యుడు ఎంత వాలేసరికి ఇవి ఉండకూడదో చేత్తో చూపించాడు. జీపు వెళ్లిపోయింది.

ఆయిలు చెరిపితే పోయేది కాదు. పారతో పెచ్చు లేపి, కింద చెయ్యి లోతున ఇసుక తీసి దూరంగా పోయాలి. ఇద్దరూ వలయం దగ్గర మొదలుపెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఖాజా ఒక పార ఇసుకకు ఒకసారి రొప్పుతున్నాడు. నువ్వు పోయి బస్సుకు తయారు కమ్మని పెంచల్ చెప్పాడు. ఖాజా వినలేదు. తవ్వుతూనే, గోల్‌కీపర్లకు జీతం ఎంతిచ్చేవాళ్లని అడిగాడు. చెబితే, అంతేనా, ఈ దెబ్బకు దాని మీద ఇంకో సగం వేసియ్యాలన్నాడు.

మధ్యగీత పోయింది. కుడివైపు గీత పోయింది. ఎడమవైపు గీత దగ్గరకొచ్చేసరికి పెంచల్ పార ఆనించి నిలబడిపోయాడు. మూల నుంచి మధ్య దాకా ఆ పొడవంతా లెఫ్ట్ బ్యాకు కాపలా కాయాల్సిన మేర. దాని బయట కూర్చుని ఎన్ని శుక్రవారాలు గడిపాడో అతనికే గుర్తులేదు.

"ఒక్క మ్యాచన్నా నిండుగా ఆడాలని ఉండాది ఖాజా" అన్నాడు. "మొదట్నించి కడదాకా. ఇంగేం అడగను."

ఖాజా పార కింద పెట్టి నడుం పట్టుకున్నాడు.

"ఆడుదువులే. కానీ జట్టంతా మన దేశంలో ఉండాది, నువ్వొక్కనివే ఈడుండావు. వాళ్లు నిన్ను ఇడ్సిపెట్టినారా, నువ్వు వాళ్లను ఇడ్సిపెట్టినావా? గ్రౌండు యాడికీ పోదప్పా. ఆడేటోళ్లే పోతాండేది."

మిగిలిన గీత పెంచల్ తానే తవ్వాడు. ఖాజాను దగ్గరికి రానివ్వలేదు. మూల దాకా తవ్వి, ఆఖరి పార ఇసుక విసిరి, గుంటలను కాలితో సర్దాడు. పొద్దున నీళ్లు పోసి చదును చేసిందంతా దున్నిన చేనులా ఉంది. అతను పార కడిగి గోడకు ఆనించి, "బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

ఖాజా ప్రయాణానికి రొట్టెలు మూటకట్టడానికి వెళ్లాడు. పెంచల్ స్నానం చేసి, ఉన్న రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. ఫహాహీల్ దాకా దించుతానన్న పికప్ గేటు దగ్గర ఆగి ఉంది. అటు వెళ్లబోయి, మళ్లీ తిరిగి ఆటగాళ్లు బట్టలు మార్చుకునే రేకుల గదిలోకి వెళ్లాడు.

ఆ గది గోడకు పదకొండు మేకులున్నాయి. ఆడేవాళ్ల చొక్కాలు వాటికి తగిలిస్తారు. బెంచీవాళ్లు తమవి మడిచి నేల మీద పెట్టుకోవాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోతూ వచ్చింది. కిటికీ పక్క మేకు కాలికట్ అతనిది. జూలై నుంచి ఖాళీగానే ఉంది. వెంకటసత్యనారాయణ మాటిచ్చాక కూడా, సీజను మొదలవకుండా ఎలాగని పెంచల్ దానికి ఏదీ తగిలించలేదు.

సంచి విప్పి, అడుగున ఉన్న తువ్వాలు తీశాడు. కడప బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు విసిరినవాడిదే. వాడు నింపాదిగా టీ తాగి వచ్చినా సరే, మహా పెద్దమనిషయినా దాన్ని తీసి కూర్చోడు. అక్కడ అది అందరికీ తెలిసిన మర్యాద. ఇక్కడ ఎవరికి తెలుసో లేదో.

బయట పికప్ హారను మోగింది. ఖాజా కేక వేశాడు. పెంచల్ వెళ్లి వెనక ఎక్కి, రొట్టెల మూట ఒళ్లో పెట్టుకున్నాడు. దుమ్ము లేచింది, కాసేపటికి అణిగింది.

కిటికీ పక్క మేకుకు, రెండు కొనలూ సమానంగా వచ్చేట్టు మడిచి వేసిన ఎర్రగళ్ల తువ్వాలు, గాలి వచ్చినప్పుడు కొంచెం ఊగుతూ ఉంది.