తొమ్మిది మీద ముల్లు

జువ్వలదిన్నెలో బోటింజన్లు బాగుచేసే తౌసిఫ్ ఇంట్లో ఒక ఎస్‌ప్రెసో కాఫీ మిషను ఉంది. రొయ్యల కంపెనీ ఏదో గెస్ట్‌హౌస్ ఎత్తేస్తూ పారేస్తుంటే తెచ్చుకున్నాడు. పొద్దున్నే నమాజు కాగానే దాని ట్యాంకులో బోరు నీళ్ళు పోసి స్విచ్చి వేస్తాడు. ఆవిరి గొట్టం తడిగుడ్డతో తుడుస్తాడు, పొడి నింపే గిన్నె కడుగుతాడు. ఈలోగా వేటకెళ్ళే వాళ్ళు వంటింటి కిటికీ దగ్గర ఆగి "ముల్లు ఎంతన్నా?" అంటారు. ప్రెషరు మీటరు ముల్లు తొమ్మిది దాకా వెళ్తే ఆ రోజు సముద్రం మంచిది. నాలుగు దగ్గర ఆగిందంటే గాలి లేవబోతోందన్నమాట. టైమెంతని అడిగినట్టు అడిగి ఎవరి దారిన వాళ్ళు పోతారు.

వేట నిషేధం ముగిసిన మొదటి రోజు ముల్లు నాలుగు దగ్గర ఆగింది.

తౌసిఫ్ స్నేహితుడు ముత్యాలయ్యకు ఒళ్ళు మండింది. రెండు నెలలు చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి. బోటులోకి ఐసు కూడా ఎక్కించేశాడు. సముద్రం చూస్తే పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది.

"రెణ్ణెల్లుగా దాన్ని విప్పిన పాపాన పోలేదు గదన్నా నువ్వు. వాషరు పోయుంటాది, చూడు" అన్నాడు.

తౌసిఫ్ విప్పి చూశాడు. నిజమే, రబ్బరు వాషరు రాయిలా బిగుసుకుపోయింది. బాయిలరు గోడలకు బోరు నీళ్ళ ఉప్పు ఏళ్ళ తరబడి పెచ్చులుగా పేరుకుని ఉంది. మెకానిక్కుకు చెడిపోయిన ముక్క ఒకటి చేతికి దొరికితే చాలు, ఇక వేరే కారణం వెతకబుద్ధి కాదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి కాచాడు. తెల్లగా కారింది. తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి కొత్త వాషరు బిగించాడు. ముల్లు తొమ్మిది మీద నిలబడింది. ముత్యాలయ్య నిలబడే కాఫీ తాగి, "నీ చెయ్యి మంచిదన్నా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఒడ్డుకు బోటు చెక్కలే వచ్చాయి.

మర్నాడు కొబ్బరిచెట్లు వంగిపోయే గాలిలో తౌసిఫ్ మిషను వేశాడు. ముల్లు తొమ్మిది. ఆపి మళ్ళీ వేశాడు. తొమ్మిదే. సముద్రం సంగతి తెలిసింది ఆ ఉప్పుకేనని అప్పుడు అర్థమైంది. దాన్ని చేతులారా కడిగి తూములో పోసేశాడు. స్నేహితుణ్ణి తానే చంపుకున్నానని తల బాదుకుని ఏడ్చాడు.

ఇక ఆ ముల్లును నమ్మొద్దని రేవుకెళ్ళి అందరికీ చెప్పేశాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కిటికీ దగ్గరికి రావడం మానుకున్నారంతే.

ముత్యాలయ్య భార్య పుష్పకుమారికి తలెత్తలేక చెప్పాడు.

"మా అత్తకు మాత్రం చెప్పబాకన్నా" అంది. "పొద్దున మీ కిటికీలోంచి చూసొచ్చింది. ముల్లు తొమ్మిది మీదుండాది, నా బిడ్డ యాడో ఒడ్డుకు చేరుంటాడంటా ఉండాది. ఆ మాట మీదే రెండు ముద్దలు తినింది."

అప్పట్నుంచి తౌసిఫ్ ఆ మిషన్ను కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. బోరు నీళ్ళు మానేసి క్యాను నీళ్ళే పోస్తాడు. వాషరు కాస్త గట్టిపడినా మార్చేస్తాడు. కాఫీ మాత్రం తాను తాగడు.

తెల్లారగానే ముసలామె వచ్చి కిటికీ ఊచలు పట్టుకుంటుంది. ముల్లు చూసుకుని వెళ్ళిపోతుంది. ఈ పొద్దు మాత్రం వెళ్ళలేదు.

"అది పదికి పోతే ఇంకా బిరీన వస్తాడా నాయనా?" అని అడిగింది.

తౌసిఫ్ స్క్రూడ్రైవరు అందుకుని, ప్రెషరు పెంచే మర కోసం మిషను వెనక మూత విప్పడం మొదలుపెట్టాడు.