ఆమెన్ అన్నవాళ్ళు

మోకాళ్ళు ఇలా పట్టేయడం ప్రార్థన వల్ల కాదు, సైకిలు వల్ల, ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారేమో, పాస్టరుగారైతే నవ్వరు, సేవకుడి మోకాళ్ళు అరిగాయంటే ఆయనకి ఒకటే అర్థం, అనుకుంటూ రాజారత్నం రేపల్లె పాసింజరు కిటికీకి తల ఆనించాడు, ఇంజను బొగ్గు నలుసు ఒకటి కంట్లో పడింది, నలుపుకున్నాడు, నలభై ఒకటో ఏడు వచ్చింది, ఇంకా యువజనుల సేవకుడే, తెనాలి, బాపట్ల, రేపల్లె మూడుచోట్లా సంఘంలో కుర్రకారుకి రత్నం అన్నయ్య, మొదట్లో తన దగ్గర పాటలు నేర్చుకున్నవాళ్ళకి పిల్లలు పుట్టారు, ఆ పిల్లలూ అన్నయ్యా అనే పిలుస్తున్నారు, ఈ ఉద్యోగంలో మనిషికి వయసు రాదు కాబోలు, ఒళ్ళు నొప్పులు మాత్రం వేళకి వస్తాయి, పొద్దున్న దయామణి చద్దన్నంలో మజ్జిగ పోస్తూ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది, ఊళ్ళో అందరి గేదెలకీ, కుట్టు మిషన్లకీ, పరీక్షలకీ ప్రార్థన చేస్తారు, మన ఇంట్లో అన్నం ముందు మాత్రం మీకు గొంతు పెగలదు, అంది, భార్య కోపంగా కూడా అనలేదు, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు అంది, నిజమే, ఏం చెయ్యమంటావు, రోజంతా అరువిచ్చిన గొంతు ఇంటికొచ్చేసరికి మిగలదు, అందామనుకున్నాడు గానీ అదీ అనలేదు, సంచీ భుజానేసుకుని స్టేషనుకి వచ్చేశాడు.

రేపల్లెలో దిగి నేరుగా రైసు మిల్లుకి వెళ్ళాలి, చలపతిరావుగారిని కలవాలి, ఏలీషాని పనిలోంచి తీసెయ్యొద్దని బతిమాలాలి, అంతే పని, చెప్పుకుంటే నాలుగు మాటలు, కానీ ఆ నాలుగు మాటలూ తెనాలినుంచీ నోట్లో తిప్పుతున్నా కుదురుకోవడం లేదు, ఎందుకంటే ఆ కుర్రాడి ఉద్యోగానికి ఎసరు పెట్టింది తానే, పగబట్టి కాదు, చాడీలు చెప్పి కాదు, కళ్ళు మూసుకుని, చేతులు కలిపి, ప్రార్థనలో.

దసరా సెలవులకి బాపట్లలో మూడురోజులు యువజన కూటాలు పెట్టారు, మిషను బడి ఆవరణలో ముప్ఫయిమంది పిల్లలు, ఆడపిల్లల్ని పంపమని ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల్ని ఒప్పించడం, చాపలు, లాంతర్లు, హార్మోనియం తిత్తికి చిరుగు, వంటమనిషి రెండోరోజే జ్వరమని ఇంటికి పోవడం, చంద్రుడిమీద మనిషి దిగాడు కదా, మరి పరలోకం ఏ పక్కనుందన్నయ్యా అని కుర్రాళ్ళు నిలదీయడం, అన్నిటికీ జవాబు తనే, ఆ రెండోరోజు సాయంత్రం వంటపాక వెనక ఏలీషా, తనూ గుండిగలు తోముతున్నారు, ఏలీషా రేపల్లె సంఘంలో చేరి రెండేళ్ళు, చలపతిరావుగారి మిల్లులో గుమాస్తా, గోడౌను తాళాలు వాడి దగ్గరే ఉంటాయి, మాట తక్కువ, పాట బాగుంటుంది, ఊరేదంటే చీరాల దగ్గరండి అంటాడు, అంతకు మించి ఎవరూ తరచి అడగలేదు, ఆ సాయంత్రం గుండిగ అడుగున మాడు బూడిదతో రుద్దుతూ, తలెత్తకుండా, అన్నయ్యా, మాది స్టూవర్టుపురమండి, మీకొక్కళ్ళకే చెబుతున్నాను, చెప్పకుండా ఉంటం కూడా అబద్ధం ఆడుతున్నట్టే ఉంటంది, ఒకళ్ళతోనన్నా అంటే బరువు తగ్గుద్దని, అన్నాడు, రాజారత్నం వాడి వీపుమీద తడి చెయ్యి వేసి, ఏం ఫరవాలేదు తమ్ముడూ, అన్నాడు, అప్పుడు ఆ మాట నిజంగానే అన్నాడు, ఎందుకంటే ఆ ఊరి పేరు చెబితే ఎదుటివాడు ముందు జేబు తడుముకుంటాడని అతనికీ తెలుసు, తెల్లదొరల కాలంలో చట్టం చేసి కొన్ని కులాలవాళ్ళకి దొంగలని పేరు పెట్టి, తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు, దొరలు పోయారు, ఆ చట్టమూ పోయింది, పెట్టిన పేరు మాత్రం పోలేదు, తాత ముత్తాతలకి అంటించిన ఆ పేరుని ఏ పాపమూ ఎరగని ఈ కుర్రాడు కూడా మోసుకు తిరుగుతున్నాడు.

మర్నాడు ముగింపు ప్రార్థన, అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు, మూడురోజులు మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది, నోరు దానంతటది నడిచిపోతోంది, ఆశీర్వదించు, కాపాడు, నడిపించు, అవే మాటలు, తనకే చప్పగా ఉంది, పిల్లలు కాళ్ళు మార్చుకుంటున్నారు, ఎవరో ఆవులించారు, ఒక గట్టిమాట పడితే బాగుండునే అనిపించింది, పడింది, స్టూవర్టుపురం ఊబిలోంచి మా తమ్ముడు ఏలీషాని పైకి తీసి నమ్మకస్థుడిగా నిలబెట్టావు తండ్రీ, నీకు స్తోత్రం, అన్నాడు, అనగానే ముప్ఫయి గొంతులూ ఒక్కటై ఆమెన్ అన్నాయి, అంత నిండైన ఆమెన్ ఆ మూడురోజుల్లో రాలేదు, ఒళ్ళు పులకరించింది, అవును, పులకరించింది, ఆ సంగతే ఇప్పటికీ మింగుడు పడటం లేదు, నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు, పులకరింతకి ఏం చెప్పుకోవాలి, కళ్ళు తెరిచేసరికి వలయంలో ఇద్దరు పిల్లలు చేతులు చాపి అలాగే నిలబడి ఉన్నారు, మధ్యలో ఉండాల్సిన ఏలీషా అక్కడ లేడు.

వేమూరు దాటింది, చేలో వరి ఇంకా పచ్చగా ఉంది, విచిత్రమేమిటంటే ఈ సంగతి ఎవరూ చెడ్డగా చెప్పలేదు, రేపల్లె యువజన కార్యదర్శి బర్నబాస్ మహా సంతోషంతో ఆదివారం చర్చిలో లేచి చెప్పాడు, చూశారా దేవుడి కార్యం, మన మధ్య ఉన్న ఏలీషా ఎక్కణ్ణుంచి వచ్చాడో, అని, విన్నవాళ్ళు ఇళ్ళకెళ్ళి చెప్పారు, పొగుడుకుంటూ పొగుడుకుంటూనే మోసుకెళ్ళి మిల్లులో కాటా దగ్గర దించారు, నిన్న ఆ బర్నబాసే తెనాలి వచ్చి, ఏంటో అన్నయ్యా, మిల్లులో ఏలీషాని అదోలా చూస్తన్నారంట, పనిలోంచి తీసేస్తారని కూడా అంటన్నారు, ఎందుకో నాకు తెలీటల్లా, అన్నాడు, వీడికి నిజంగానే తెలియలేదు, వాణ్ణి ఏమనగలడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు వాడు, భట్టిప్రోలులో బండి చాలాసేపు ఆగింది, అప్పుడు తట్టింది, ఆ ప్రార్థనలో అన్న ఏలీషా ఈ ఏలీషా కాదండి, బాపట్లలో ఇంకొక కుర్రాడున్నాడు, అంటే పోలా, చలపతిరావుగారేమన్నా బాపట్ల వెళ్ళి విచారిస్తారా, ఒక చిన్న అబద్ధం, ఒక పెద్ద మేలు, దేవుడు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటాడు, పల్లికోన వచ్చేసరికి ఆ అబద్ధం ఎంత నున్నగా తయారైందో చూసుకుని రాజారత్నానికి తనమీద తనకే అసహ్యం వేసింది.

మిల్లు సగం నిద్రలో ఉంది, కొత్త పంట వచ్చేదాకా అంతే, తవుడు వాసన మాత్రం ఆవరణంతా నిండి ఉంది, చలపతిరావు పడక్కుర్చీలోంచి లేచి, రండి రత్నంగారూ, కూర్చోండి, ఎండన పడి వచ్చారు, అని మజ్జిగ తెప్పించాడు, మంచి మనిషే, ఏటా క్రిస్మసుకి పిల్లల్ని ఊరేగింపుగా తిప్పడానికి మిల్లు లారీ ఇచ్చేది ఆయనే, ఆ ఏలీషా సంగతండి, అనగానే ఆయన చెయ్యి అడ్డంపెట్టి, మీరేం చెప్పబాకండి, కుర్రాడు బంగారం, రెండేళ్ళలో గింజ అటూ ఇటూ కాలేదు, నాకేం పట్టింపు లేదండి, కానీ రేపు ఈ బజార్లో ఎవరింట్లో బిందె పోయినా జనం ముందు నా గుమ్మంలోకే వస్తారు, వాళ్ళకి నేనేం చెప్పుకోను చెప్పండి, అన్నాడు, రాజారత్నం మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఎవరో పొరపాటు పడి ఉంటారండి, ఆ ఏలీషా, అని మొదలుపెట్టాడు, పొరపాటేంటండి, మీరే అన్నారంటగా, దేవుడి ముందర, మీబోటివారు ప్రార్థనలో అబద్ధం చెబుతారా ఏంటి, అన్నాడు చలపతిరావు, ఎత్తిపొడుపు లేదు, నిజమైన గౌరవంతోనే అన్నాడు, నున్నగా తయారుచేసుకున్న అబద్ధం గొంతులోనే ఉండిపోయింది, అయినా ఇంక అనుకుని లాభం లేదండి, పొద్దున్నే తాళాలు వాడే తెచ్చి ఈ బల్లమీద పెట్టాడు, నేను అడగలా, రెండురోజులు పోతే అడిగేవాణ్ణేమో, అదీ నిజమే, ముందే తెలుసుకున్నాడు, తెలివైనవాడు, అన్నాడాయన, వెళ్ళొస్తానని రాజారత్నం లేస్తే, మీ ప్రార్థనలో మా మిల్లుని కూడా ఒక్కసారి తలుచుకోండి రత్నంగారూ, అన్నాడు, అలాగేనండి అనేసింది నోరు.

ఇంక చేసేదేముంది, స్టేషనుకి తిరిగి వచ్చాడు, కాళ్ళు ఈడుస్తున్నాయి, వచ్చిన బండే మళ్ళీ తెనాలికి పోవడానికి సిద్ధంగా ఉంది, ప్లాట్‌ఫారమ్ చివర సిమెంటు బల్లమీద రేకుపెట్టె పక్కన పెట్టుకుని ఏలీషా కూర్చుని ఉన్నాడు, ఒక్క క్షణం ఇటునుంచి ఇటే పోదామా అనిపించింది రాజారత్నానికి, అంత అలసిపోయాడు, కానీ వాడు చూశాడు, చూసి లేచి నిలబడ్డాడు, ఇంకా అదే మర్యాద, ఎక్కడికి తమ్ముడూ, అంటే, నాగపూరు వైపండి, అక్కడ మిల్లుల్లో మనుషులు కావాలంట, అన్నాడు, నాదే తప్పురా, నన్ను క్షమించు, అన్నాడు రాజారత్నం, నాకు తెలుసన్నయ్యా, మీరు చెడ్డకి అనలేదు, అన్నాడు ఏలీషా, అని పెట్టె గొళ్ళెం తీస్తూ వేస్తూ, ఒక్కటే నాకు అర్థం కాలేదండి, నా ఊరేదో దేవుడికి ముందే తెలుసు కదా, మరి మీరు ఎవరికి చెప్పారు, అన్నాడు, అడిగినవాడి గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు, రాజారత్నం ఏం చెయ్యాలో తోచక, తోచనప్పుడల్లా చేసే పనే చెయ్యబోయాడు, ప్రయాణానికి ముందు ఒక్కమాట ప్రార్థన చేసుకుందాం, అని కళ్ళు మూయబోతే, వద్దన్నయ్యా, ఇవాళ వద్దు, అన్నాడు ఏలీషా, ఇరవయ్యేళ్ళలో ఎవరూ తనని వద్దనలేదు, సిగ్గుతో మొహం వేడెక్కింది, సిగ్గు అడుగున ఎక్కడో, చెప్పుకోవడానికి కూడా మొహం చెల్లని, కాస్త తెరిపి.

బండి కదిలింది, ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, వేరే పెట్టెలో ఎక్కుదామంటే అదీ పారిపోయినట్టే, తెనాలిదాకా ఇలాగే కూర్చోవాలి, పల్లికోన దాటాక ఎదురుగా ఎండుచేపల గంప కాళ్ళదగ్గర పెట్టుకున్న పెద్దావిడ, నిజాంపట్నం వైపు మనిషిలా ఉంది, ఆకు నములుతూ ఏలీషాని పరకాయించి చూసి, పిల్లోడు దిగాలుగా ఉన్నాడే, మీదే ఊరు నాయనా, అంది, రైల్లో పక్కవాణ్ణి ఎవరైనా అడిగే మాటే, రాజారత్నం నోరు ముందే తెరుచుకుంది, మా తమ్ముడేనండి, తెనాలి, అనబోయాడు, ఈసారి వాణ్ణి కాపాడటానికే కదా, కాపాడటానికైనా సరే మళ్ళీ వాడి ఊరు తనే చెప్పబోతున్నాడు, అప్పుడు నిజం, ఇప్పుడు అబద్ధం, అంతకన్నా తేడా లేదు, నోరు మూసుకున్నాడు, అది మూసుకుని ఉండటానికి ఎంత ఓపిక కావాలో అతనికి ఇన్నాళ్ళూ తెలియదు, ఏలీషా కాసేపు కిటికీలోంచి చూశాడు, తర్వాత ఆవిడ వైపు తిరిగి, స్టూవర్టుపురమండి, అన్నాడు, గొంతు తగ్గించలేదు, పెంచలేదు, బాపట్ల దాటినాక వచ్చిద్ది, అదేనా, అంది ఆవిడ, అవునండి, అన్నాడు, ఆవిడ ఆకు నములుతూనే ఉంది, కాసేపాగి, ఏమీ ఎరగనట్టు, గంపని కాలితో తన వైపు లాక్కుంది, రాజారత్నం చూశాడు, ఏలీషా కూడా చూశాడు, చూసి, గంపకి చోటు చాలదేమో అన్నట్టు తన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు, వీడు బంగారమండి, అని సాక్ష్యం చెప్పాలని రాజారత్నం గొంతులో పాత అలవాటు కదిలింది, కదలనిచ్చి ఊరుకున్నాడు, వాడి నోట అది ఇళ్ళూ వీధులూ ఉన్న ఊరు, వాడి అమ్మ పొయ్యి రాజేసే ఊరు, తన నోట అది ఊబి, ముప్ఫయిమంది నడుమ తను ఆ పేరు పలికిననాడు ఎవరూ తన దగ్గర్నుంచి గంప జరుపుకోలేదు, ఎవరూ తనని అదోలా చూడలేదు, ఆ మాటకి కాళ్ళు ముడుచుకోవలసింది వాడు, ఆమెన్ అందుకున్నది తాను.