ఎల్లాజీ తెరచాపను

నేను ఒక తెరచాపను. నావకు కట్టే రకాన్ని కాదు. ఒక్క మనిషి నిలబడేటంత పలక మీద బిగిస్తే, గాలి పట్టుకుని నీళ్ళ మీద పరుగెత్తే ఆటకు పుట్టినదాన్ని. దాన్ని విండ్ సర్ఫింగ్ అంటారు. ఇప్పుడు నా మీద ఎండుచేపలు ఆరబోస్తున్నారు. ఆ కంపు గురించి నాకేమీ బాధ లేదు. నా బాధ వేరు.

నన్ను ఏదో చలిదేశంలో కత్తిరించి కుట్టి, నారింజ రంగు అద్ది, ఓడలో అండమాన్లకు పంపారు. పర్యాటకులు విరగబడి వచ్చే ఒక దీవిలో, తెల్లటి ఇసుక ఒడ్డున, ఒక విడిది వాళ్ళు నన్ను అద్దెకు ఇచ్చేవారు. మనుషుల సంగతి అక్కడే నాకు బాగా తెలిసింది. గాలి లేకపోతే గాలి లేదని విడిది వాళ్ళను తిడతారు, గాలి వస్తే బాబోయ్ అని దిగిపోతారు. ఒకాయన మోకాటిలోతు నీళ్ళలో నాలుగుసార్లు బోర్లాపడి, సముద్రాన్ని గెలిచినంత ధీమాగా పెళ్ళాంతో ఫొటో దిగాడు. ఒకరోజు నాకు చిరుగు పడింది. విడిది వాళ్ళు నన్ను పాక వెనక పడేశారు.

అక్కడినుంచి నన్ను ఏరుకున్నవాడు ఎల్లాజీ. వాళ్ళ నాన్న కొర్లయ్య శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఆ దీవిలో స్థిరపడ్డవాడు. ఎల్లాజీ ఆ విడిదిలోనే పర్యాటకులకు ఆట నేర్పేవాడు. వల బాగుచేసే దారంతో నా చిరుగును ఎంత పొందిగ్గా కుట్టాడంటే, కర్మాగారం కుట్టు సిగ్గుపడాలి. నాకు అతనంటే ప్రాణం. దాచుకోవడం ఎందుకు?

కొర్లయ్యకు మొదట నేను గిట్టలేదు. "ఏట్రా ఈ ఆట? సేపా పడదు, కూడూ పెట్టదు," అని సణిగేవాడు. కానీ పలక మీద నిలబడ్డవాడికి నీళ్ళలో చేపల గుంపు బాగా కనబడుతుందని తెలిశాక మెత్తబడ్డాడు. తండ్రీకొడుకులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. గుంపు కనబడగానే ఎల్లాజీ నన్ను నీళ్ళలో పడుకోబెట్టి, పలక మీద నిలబడి, చొక్కా విప్పి తలపైన ఊపుతాడు. ఒడ్డున కొర్లయ్య తెడ్డు ఎత్తుతాడు. చూశాను, వస్తున్నాను అని దాని అర్థం. తర్వాత వలలు, ఐసుపెట్టె, ఇద్దరు మనుషులను పడవలో ఎక్కించుకుని వస్తాడు. ఆ ఏడాది ఆ ఇంట్లో చేపకు కొదవ లేదు. తల్లి పోలమ్మ నా నారింజ రంగుకు దిష్టి కూడా తీసింది.

ఆ రోజు పొద్దుటినుంచే గాలి. అడవి గుట్టల మీదుగా సముద్రంలోకి తోసే కొండగాలి. అలాంటి గాలికి ఒడ్డు దగ్గర నీళ్ళు పళ్ళెంలా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ కొండల్లాంటి అలలు లేస్తాయి. పర్యాటకులను దిగనివ్వలేదు. పదకొండు రోజులుగా గాలి కోసం మొహం వాచిన ఎల్లాజీ మాత్రం ఆగలేకపోయాడు. "ఒక్క సుట్టు సుట్టొత్తానయ్యా," అన్నాడు. కొర్లయ్య పడవ పక్కన కూర్చుని నవ్వాడు.

మేం ఎగిరాం. నా ఒళ్ళంతా గాలి, అతని గొంతులో కేరింత. నా బతుకులో అంత సంతోషం ఎన్నడూ లేదు. అంతలో నన్నూ పలకనూ కలిపే రబ్బరు కీలు పటుక్కున తెగింది. ఇద్దరం నీళ్ళలో పడ్డాం.

ఎల్లాజీ కంగారుపడలేదు. నన్ను తాడుతో పలకకు కట్టాడు. ఒడ్డు ఇంకా కనబడుతూనే ఉంది. నన్ను వదిలేసి పలక మీద పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళిపోతే అప్పటికింకా చేరుకునేవాడే. కానీ అతను పలక మీద నిలబడి, చొక్కా విప్పి ఊపాడు. ఒడ్డున తెడ్డు లేచింది.

"అయ్య సూసేసినాడు," అని ఎల్లాజీ నాతోనే అన్నాడు. నిమ్మళంగా కూర్చుని ఎదురుచూశాడు.

కొర్లయ్య చూసింది నిజమే. నీళ్ళలో పడుకున్న తెరచాప, నిలబడ్డ కొడుకు, ఊగుతున్న చొక్కా. అన్నీ రోజూ ఉన్నట్టే ఉన్నాయి. సంబరంగా వలలు సర్దాడు. ఐసు తెచ్చాడు. టీకొట్టులో ఉన్న ఇద్దరిని, చొక్కా సంగతి చెప్పకుండా, వేటకని మాత్రం చెప్పి లేపాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అక్కడ మాకు మాత్రం ఒడ్డు సన్నటి గీతై, ఆ గీత కూడా పోయింది. ఎల్లాజీ నవ్వడం మానేశాడు. "రాయేటయ్యా," అని ఒకసారి గట్టిగా అరిచాడు.

పెద్ద కెరటం ఒకటి విరిగి తాడు తెగింది. నేను జారిపోయాను. వేటవాళ్ళ బిడ్డ సామాను పోనివ్వడు. నా కోసం నీళ్ళలోకి దూకాడు. నన్ను అందుకునేలోపు గాలి పలకను ఎత్తుకుపోయింది. అతను వెనక్కి తిరిగి పలక వైపు ఈదాడు. అందుకున్నాడో లేదో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా అతని వీపు.

కొర్లయ్య పడవ వచ్చేసరికి నేనొక్కదాన్నే ఉన్నాను. నన్ను పైకి లాగి, వలల మీద వేసి, నా మీద పడి ఏడ్చాడు. "సేపలనుకున్నాన్రా నాయనా, నాను సేపలనుకున్నాను," అన్నాడు. ఇంజిను హోరులో ఆ ఇద్దరికీ ఆ మాట వినబడలేదు. నేను విన్నాను. మూడో రోజు పలక మరో దీవి ఒడ్డున ఖాళీగా దొరికింది. ఎల్లాజీ దొరకలేదు.

ఊళ్ళో అందరూ కొర్లయ్య మీద జాలిపడ్డారు. కొడుకు ప్రమాదంలో ఉంటే పాపం ముసలాడు చూడలేకపోయాడు అన్నారు. అతను కాదనలేదు.

పోలమ్మకు నన్ను పారేయడానికి మనసొప్పలేదు. పెరట్లో పరిచి చేపలు ఎండబెడుతుంది. ఎల్లాజీ వేసిన కుట్టు దగ్గర మాత్రం చేప పెట్టదు. నిన్న చేపలు తిరగేస్తూ, గుమ్మంలో కూర్చున్న మొగుడితో అంది:

"పిచ్చి నాకొడుకు, ఒక్కపాలి సొక్కా ఊపుంటే బాగుణ్ణు. నువ్వు ఎంటనే ఎల్దువు గదా?"

కొర్లయ్య నా మీది కుట్టు వైపు చూశాడు. తర్వాత, "అవునే, ఎల్దును," అన్నాడు.