సున్నం కింద చేతులు

బర్మాలో బోటాటౌంగ్ రేవు నుంచి పైకి వచ్చే వీధి మలుపులో మా కొట్టు. దాన్ని ఆనుకునే ఇల్లు. పాత రాణిగారి ఏలుబడిలో కట్టారనీ, టేకు తలుపులు అప్పటివేననీ మా అత్త అచ్చమ్మ చెప్పేది. నేను పెళ్ళయి ఓడ దిగిన రోజు ఆవిడే నా కుడిచేతికి నూనె, పసుపు పూసి కొట్టు గోడకు అద్దించింది. మావాళ్ళు ఎవరు సముద్రం దాటి వచ్చినా ముందు ఈ మలుపుకే వస్తారు. క్షేమంగా దాటించిన గంగమ్మకు మొక్కి గోడమీద చెయ్యి వేస్తారు. తర్వాతే అన్నం. ఏటేటా గంగమ్మ పండగకు ఎవరి చేతిగుర్తుకు వాళ్ళు మళ్ళీ పసుపు అద్దుతారు.

ఇదంతా పడగొట్టి బియ్యం గిడ్డంగి కట్టాలని స్థలం యజమానికి బుద్ధి పుట్టింది. అమావాస్యలోగా ఖాళీ చెయ్యమన్నాడు. నా కూతురు చిన్నతల్లికి నెలలు నిండాయి. ఇక్కడి నుంచి పోతే మాకు దొరికేది కూలీల బారకాసులో ఒక మూల. వాన పడితే అక్కడ నీళ్ళు చాపల కిందికి వస్తాయి. ఆ తడిలో, అంతమంది మగవాళ్ళ మధ్య పురుడంటే తల్లీ బిడ్డా నాకు దక్కుతారా? 

జనం మొక్కుకునే చోటని తేలితే మాత్రం సర్కారు కచేరీవాళ్ళు పడగొట్టనివ్వరట. అల్లుడు బాపిరాజు అర్జీ పెట్టించాడు. మర్నాడు ఆఫీసరు చూడటానికి వస్తాడనగా యజమాని గుమాస్తా లోకనాథం బండిమీద సున్నం దింపించాడు.

"ఏటిది?" అన్నాను.

"పండగొస్తంది కదమ్మా. అయ్యగారు ఊరికే ఇమ్మన్నారు. పెద్దమనిషి వస్తన్నాడు, గోడ మాసిపోయి ఉంటే బాగుంటాదా?"

"కప్పు కారతందంటే పెంకెయ్యనోడు సున్నమెందుకు ఇచ్చాడు?"

"నీకన్నీ అనుమానాలే వొదినా," అన్నాడు మా మరిది అచ్చెన్న. "ఓడ కూతేస్తే మునిగిపోతందంటావు. పిల్ల తుమ్మితే పిలేగంటావు."

కొట్టు ముందున్నవాళ్ళంతా నవ్వారు. నేను చిన్నతల్లి నడుముకి ఆముదం రాయడానికి లోపలికి వెళ్ళాను. పిల్ల నిద్రపోయేదాకా కూర్చుని తిరిగి వచ్చేసరికి వీధివైపు గోడ అంతా తెల్లగా ఉంది. పండగ పేరు చెప్పి సున్నం చూపిస్తే మా అచ్చెన్న చెయ్యి ఆగదు. ఆ సంగతి లోకనాథానికి తెలుసు.

"మీ అమ్మ చెయ్యి ఎక్కడరా? నా చెయ్యి ఎక్కడ?"

"తడిమీద ఎర్రగా కనబడ్డాయి వొదినా. బాగోలేదని ఇంకో పూత ఏసినాను."

పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందని పసిపిల్లకైనా తెలుసు. ఎర్రబడినప్పుడైనా ఈ మనిషి ఆగలేదు.

"నీ తెలివికి ఓ దణ్ణం. నా మనవడు బారకాసులో పుట్టాక ఆడి ఉయ్యాలకి కూడా నువ్వే ఎయ్యి సున్నం."

అచ్చెన్న కుంచె కింద పెట్టేశాడు.

పొద్దున్నే ఆఫీసరు వచ్చాడు. తలపాగా చుట్టుకున్న పెద్ద వయసు బర్మా మనిషి. లోకనాథం ఆయన పక్కనే నడుస్తూ బర్మా మాటల్లో ఏదో చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. ఇక్కడే పుట్టి పెరిగిన చిన్నతల్లికి అంతా అర్థమై ముఖం కందిపోయింది.

"అమ్మా, ఇది ఒట్టి కొట్టు గోడంట. ఇక్కడెవరూ ఎప్పుడూ మొక్కలేదంట."

నా ఒళ్ళు మండింది. పిల్ల స్నానానికి తోడిపెట్టిన బిందె ఎత్తి నీళ్ళు గోడమీద గుమ్మరించాను. ఆ సున్నం గోకి పారెయ్యాలని కొబ్బరిపీచు అందుకున్నాను.

"ఏటిదమ్మా, ఆయనగారి బట్టలు తడుస్తన్నాయి," అన్నాడు లోకనాథం.

"తడిస్తే ఆరతాయి. నా కూతురు రోడ్డున పడితే నువ్వు ఎత్తుతావేటి?"

పీచుతో పని లేకపోయింది. తడిసిన చోట సున్నం పలచబడి, లోపలి నుంచి చేతులు పైకి తేలాయి. నెత్తురంత ఎరుపు. పెద్దవి, చిన్నవి, గాజులు గోడకు ఒరుసుకున్న ఆడవాళ్ళవి, రేవులో వేలు తెగిన బంగారయ్య మామది.

లోకనాథం తడుముకోలేదు. "తాంబూలం మరకలు. దారినపోయే కూలోళ్ళు ఉమ్మేసినారు," అని మొదట తెలుగులోనూ, తర్వాత బర్మా మాటల్లోనూ చెప్పాడు.

చిన్నతల్లి కడుపు పట్టుకుని ముందుకు వచ్చింది. "మీ ఇంట్లో ఐదు వేళ్ళతో ఉమ్ముతారేటి బాబూ?" అంది. అదే మాట ఆఫీసరుకి బర్మా మాటల్లో చెప్పి, తన అరచెయ్యి ఒక గుర్తు పక్కన పెట్టి చూపించింది.

ఆఫీసరు నవ్వలేదు.  కాళ్ళ చెప్పులు విడిచి, పగోడా మెట్లెక్కే మనిషిలా వట్టికాళ్ళతో గోడ దగ్గరికి వచ్చాడు. లోకనాథం కూడా వంగి తన చెప్పులు తీశాడు. తీయక ఏం చేస్తాడు?

విచారణ జరిగేదాకా ఇటుక కదపకూడదని ఆఫీసరు చెప్పి వెళ్ళాడు. ఆలోగా అమావాస్య గడిచిపోతుంది. పురుడు ఇక్కడే. విచారణలో రేపు ఇంకొకరు ఏమంటారో చూడాలి.

ఎండ వచ్చి గోడ ఆరుతోంది. చేతులు ఒక్కొక్కటే తెలుపులోకి వెళ్ళిపోతున్నాయి. అచ్చెన్న పీచు పట్టుకుని గోడ కింద కూర్చున్నాడు.

"నీళ్ళు ఇయ్యి వొదినా, ఈ సున్నం కడిగేస్తాను."

"నూతి దగ్గరుంది చేద," అన్నాను. "నువ్వే తోడుకో."