కాలేషా విన్న బండి

నేను ఒక జర్మనీ కారుని. పుట్టింది అక్కడైనా బతుకంతా నెల్లూరు జిల్లాలోనే గడిచింది కాబట్టి, మాట మధ్యలో గూడూరు యాస దొర్లితే ఏమీ అనుకోకండి. 1961లో బెంజి వాళ్ల కర్మాగారంలో తయారయ్యాను. ఆరు సిలిండర్ల ఇంజను, ముందు నిలువు దీపాలు, వెనక రెండు పక్కలా పైకి లేచిన రెక్కలు. ఆ రెక్కల్ని చూసి గూడూరు జనం నన్ను చేప తోక కారు అన్నారు. కాగితాల మీద నాకు నంబర్లూ అక్షరాలూ కలిపిన పేరు వేరే ఉంది గానీ, నాకు ఈ పేరే ఇష్టం.

నన్ను కొన్నది దశరథరామిరెడ్డి గారు. గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనులున్న ఆసామి. ఆయన అభ్రకం రేకుల్ని కొనడానికి జర్మనీ నుంచి దొరలు వస్తుండేవారు. వాళ్ల దేశపు బండిలోనే వాళ్లని గనుల దాకా తిప్పాలని ఆయనకి ముచ్చట. మద్రాసు హార్బరులో క్రేను నన్ను కిందికి దించిన రోజు ఆ ఎండకి నా రంగు పొంగిపోతుందేమోనని భయపడ్డాను. తీరా సైదాపురం గనుల దారి చూశాక ఎండే నయమనిపించింది. గుంటలు, గులకరాళ్లు, పొడి. రెడ్డి గారి పంచెకి అంటుకుని వచ్చే అభ్రకం పొడి నా సీట్ల కుట్లలో దూరి, ఎంత దులిపినా పోయేది కాదు. నాలో కూర్చుని దిగిన పెద్దమనుషులు వెనకవైపు తళతళా మెరుస్తూ వెళ్లేవాళ్లు. ఆ సంగతి వాళ్లకి చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

పదమూడేళ్లు బాగానే తిరిగాను. 1974 ఎండాకాలంలో సైదాపురం దారిలో మొరాయించాను. స్టార్ట్ అయ్యేదాన్ని గానీ, దగ్గుకుంటూ నాలుగడుగులు వేసి నిలబడిపోయేదాన్ని. మద్రాసు నుంచి వచ్చిన మెకానిక్కులు బానెట్ ఎత్తి చూసి, ఇంజను మొత్తం విప్పాలి, సామాను జర్మనీ నుంచి రావాలి, ఆరు నెలలు పడుతుందన్నారు. అప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డులో లారీలు బాగుచేసే ఒక పాతికేళ్ల మనిషిని ఎవరో తీసుకొచ్చారు. పేరు కాలేషా. బెంజి కారుని అంత దగ్గరగా చూడటం అతనికి అదే మొదలు. సంచీలోంచి చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. నన్ను స్టార్ట్ చేయించి, దాని మొన ఇంజను ఒంటికి ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచిపట్టాడు. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏందయ్యా, నా బండిని కొరుకుతా ఉండావా?" అన్నారు రెడ్డి గారు.

"చెవికైతే ఊరి గోలంతా వినపడతాది సామీ. పంటికి బండి మాట ఒకటే వినపడతాది," అన్నాడు కాలేషా. మరికాసేపు విని, "నాలుగో సిలిండరులో ఉండాది రోగం. మిగతా అయిదూ బో బాగుండాయి. వాటి జోలికి పోబాకండి," అన్నాడు.

విప్పి చూస్తే నాలుగోదాంట్లో వాల్వు స్ప్రింగు విరిగి ఉంది. లారీ స్ప్రింగునొకదాన్ని తెచ్చి, అరగదీసి, సరిచూసి బిగించాడు. సాయంత్రానికల్లా నేను రెడ్డి గారిని గూడూరు చేర్చాను. జర్మనీ ఇంజనులో లారీ ముక్క! నాకు మొదట కొంచెం నామోషీ అనిపించిన మాట నిజమే. కానీ ఆ ముక్క ఆ తర్వాత ఎన్నడూ నన్ను ఇబ్బంది పెట్టలేదు.

నన్ను నడిపినవాళ్లున్నారు, తుడిచినవాళ్లున్నారు, నా బానెట్ మీద చెయ్యేసి ఫోటో దిగి, నేను తమదాన్నేనని బంధువులకి చెప్పుకున్నవాళ్లున్నారు. నేనేం చెబుతున్నానో విన్నవాడు మాత్రం కాలేషా ఒక్కడే. అతనంటే నాకు ప్రాణం. ఈ మాట ఇన్నాళ్లకి చెప్పగలుగుతున్నాను.

అభ్రకం వ్యాపారం పడిపోయింది. గనుల్లో నీళ్లు చేరాయి. రెడ్డి గారు పోయారు. నేను రేకుల షెడ్డు కింద నిలబడిపోయాను. అయినా శుక్రవారం మధ్యాహ్నం నమాజు చేసుకుని కాలేషా నెల్లూరు నుంచి బస్సెక్కి వచ్చేవాడు. నన్ను స్టార్ట్ చేసి, పావుగంట విని, ఆపి, తలుపు దగ్గరగా వేసి పోయేవాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దని ఎవరూ అనలేదు.

ఏళ్ల తరబడి లారీ షెడ్డులో సుత్తి మోతల మధ్య బతికిన మనిషి కదా, అతని చెవులు మెల్లగా మందగించాయి. ఇంట్లో భార్య హుస్సేన్‌బీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. కావలి నుంచి నాయుడుపేట దాకా లారీ డ్రైవర్లు, కాలేషా పంటికి చూపిస్తే గాని బండికి ఏమైందో తేలదని అతని దగ్గరికే వచ్చేవాళ్లు. వినపడటం లేదని తెలిస్తే ఇంకెవరొస్తారు? ఆ భయం అతను నా ఒక్కదాని దగ్గరే బయటపెట్టాడు. ఒక శుక్రవారం నా మడ్‌గార్డు మీద తల వాల్చి, "చెవులు పోతే పోనీ. పంటికి నీ మాట వినపడినన్నాళ్లు పని చేస్తా. అది కూడా వినపడని రోజు షెడ్డుకు తాళం ఏసేస్తా. వినపడనోడు రోగం చెప్పకూడదు," అన్నాడు. అన్న మాట తప్పే మనిషి కాదు.

ఇక వకుళ సంగతి. రెడ్డి గారి మనవరాలు. చిన్నప్పుడు శుక్రవారాలు నా వెనక సీటులో కూర్చుని కాలేషా పని చూస్తూ పెరిగిన పిల్ల. ఇంజనీరింగు చదివి, తడ దగ్గర షెడ్డు పెట్టింది. పాత కార్ల ఒళ్లు అలాగే ఉంచి లోపల కొత్త యంత్రాలు పెట్టడం ఆమె పని. రెస్టోమోడ్ అంటారట. నన్నూ తీసుకెళ్లింది. నా ఇంజను బ్లాకులో సన్నటి చీలిక వచ్చింది, పొగ ఎక్కువైంది, రోడ్డు మీదికి రానివ్వరు. ఏడాది ఆలోచించి, ఇంజను తీసేసి బ్యాటరీ మోటారు పెట్టాలని నిశ్చయించుకుంది.

గొలుసులు కట్టి నా ఇంజనుని పైకి లేపిన రోజు నా ముందు భాగం ఒక్కసారిగా పైకి లేచింది. అంత బరువు మోస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. దాన్ని చెక్కదిమ్మల మీద పెట్టి, పైన పట్టా కప్పి, షెడ్డు మూలకి నెట్టారు. నాకు చాలా బాధేసింది. అయితే అబద్ధమెందుకు, కొత్త మోటారు మంచిది. సూళ్లూరుపేట వంతెన మీద కుర్రకార్లని దాటి పోయాను. వకుళ నవ్వుతుంటే నాకూ సంతోషమే అనిపించింది.

కాలేషాకి మాత్రం ఆమె ఇంజను సంగతి చెప్పలేదు. "బండిని బాగుచేస్తున్నాను భాయ్" అని ఊరుకుంది. ఫోను తీసినప్పుడల్లా చెప్పాలనుకునేది, కుశలం అడిగి పెట్టేసేది.

మద్రాసులో కార్ల ప్రదర్శన పెట్టారు. నన్ను నిలబెట్టిన వరసలో నాకు ఎడమపక్క నల్ల జర్మనీ కారు ఒకటి. ప్రతి మరా పుట్టినప్పటిదేనని దాని యజమాని చెబుతుంటే, ఒక జడ్జీ టార్చి వేసి ఆ మరలన్నీ చూశాడు. ఆ కారు తొమ్మిదేళ్లుగా రోడ్డెక్కలేదు, ప్రదర్శనకి కూడా లారీ మీదే వచ్చింది. కుడిపక్క ఇంకోటి, నాకంటే పదేళ్లు చిన్నది. నేలకానేంత కిందికి దించి, వెడల్పాటి చక్రాలు వేసి, రంగు మార్చేశారు. దాన్ని చూసి కొందరు అపచారమన్నారు, కొందరు కేరింతలు కొట్టారు. ఆ కార్లని ఎవరూ ఏమీ అడగలేదు.

వకుళ రైలు టిక్కెట్టు పంపితే కాలేషా వచ్చాడు. తెల్ల పైజామా, ఇస్త్రీ చేసిన లాల్చీ, అత్తరు. నన్ను చూడగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎట్టుండేదానివి ఎట్టయినావు తల్లీ!" అంటూ నా రెక్క నిమిరాడు. వకుళ ఎదురొచ్చింది. ఆ పూట చెప్పేస్తాననే అనుకుంది పాపం. నోరు తెరిచేలోగా జడ్జీలు పిలిచారు.

"బండి ఆన్‌లోనే ఉంచాను భాయ్, చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా!" అని ఆ గోలలో వినపడేలా అతని చెవిలో గట్టిగా చెప్పి పరిగెత్తింది.

ఆన్‌లోనే ఉన్నాను మరి. పాత డయల్లో దీపం వెలుగుతోంది, సూది లేచి ఉంది. కాలేషా అద్దంలోంచి అది చూశాడు. సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. కార్ల చుట్టూ కట్టిన తాడు మీంచి వంగి, మడ్‌గార్డు పక్కన మొన ఆనించి, పిడి కరిచిపట్టి, చెవులు మూసుకుని, కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచాడు. సూది వైపు చూశాడు. పిడిని అంగీకి తుడిచి, ఇంకోచోట ఆనించాడు. ఆ తర్వాత ముందు గ్రిల్లు దగ్గర. నిలబడిన బ్యాటరీ బండిలో మోటారు తిరగదు, వినడానికి ఏముంటుంది? కాలేషా, నీకేమీ కాలేదయ్యా, లోపల లేనిది నేనే, అని అరవాలనిపించింది. హారను ఉంది, నొక్కేవాళ్లు లేరు. అంత నిస్సహాయంగా నేను సైదాపురం దారిలో కూడా నిలబడలేదు.

అతను అరచెయ్యి నా బానెట్ మీద పెట్టాడు. అదురు తెలియకపోతే, వకుళ నన్ను అంత నున్నగా బాగుచేసిందనుకున్నాడు. "నువ్వు నడుస్తానే ఉండావు తల్లీ. నాకే వినపడలా," అన్నాడు. స్క్రూడ్రైవరు సంచీలో వేసుకుని, జనంలోంచి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రెస్టోమోడ్‌లలో మొదటి బహుమతి నాకే ఇచ్చారు. కప్పు చేత్తో పట్టుకుని వకుళ కాలేషా కోసం మైదానమంతా వెతికింది. ఇంజను సంగతి కనిపెట్టి కోపంతో పోయాడనుకుంది. ఫోను చేస్తే తియ్యలేదు. అలిగిన మనిషికి ఏం చెప్పాలో తెలియక ఆ వారమంతా మళ్లీ చేయలేదు.

ఎనిమిదో రోజు హుస్సేన్‌బీ ఫోను చేసింది. ఫోను నా సీటు మీద ఉంది, వకుళ స్పీకరులో పెట్టింది. "మీ భాయ్ షెడ్డుకు తాళం ఏసేసినాడమ్మా. వచ్చిన లారీలన్నిట్నీ తిప్పి పంపించేస్తా ఉండాడు. అన్నం తినడంలా. పంటికి కూడా మీ బండి వినపడలేదంట. యాభై ఏళ్ల పని మీద మట్టి పోసుకున్నట్టు కూర్చోనుండాడు."

వకుళ నా చక్రానికి ఆనుకుని నేల మీదే కూలబడి ఏడ్చింది. "ఒక్క మాట చెప్పుంటే పోయేదానికి..." అని తలకొట్టుకుంది. నాకూ ఆమె మీద కోపం వచ్చింది. ఆ తర్వాత జాలేసింది.

మర్నాడే ఇంజనుని చిన్న లారీకెక్కించి, వెనక నన్ను నడుపుకుంటూ నెల్లూరు వచ్చింది. మూసిన షెడ్డు ముందు బల్ల మీద కాలేషా కూర్చుని ఉన్నాడు. వకుళ పలకరించకుండానే వచ్చి నా బానెట్ ఎత్తింది. "చూడండి భాయ్."

అతను లేచి వచ్చి తొంగి చూశాడు.

"ఇంజను యాడ పాపా?"

"తీసేశాను. మద్రాసులో మీరు విన్నప్పుడు కూడా లేదు. మీ పంటికి ఏమీ కాలేదు భాయ్. చెప్పడానికి నాకు భయమేసింది."

కాలేషా నా అంచు పట్టుకుని నిలబడ్డాడు. "నేను పోయినాననుకున్నా," అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "చెప్పకూడదా? ఇంజను మార్చినందుకు నేను నిన్ను కొడతానా? మీ తాత బండిని కొన్నాడు, నువ్వు దాన్ని రోడ్డెక్కించినావు, నీ ఇష్టం! నా పని నా చేత్తోనే మూసుకునేట్టు చేసినావు గదా పాపా!"

అతను చాలాసేపు అరిచాడు, అరిచి అరిచి అలిసిపోయాడు. అప్పుడు లారీ మీది పట్టా వైపు చూసి, "అదేనా?" అన్నాడు. అవునంది. లాల్చీ జేబులోంచి షెడ్డు తాళంచెవి తీశాడు.

రెండు రోజులు ఇద్దరూ కలిసి పనిచేశారు. ఇనుప యాంగిళ్లతో స్టాండు కట్టారు, బ్లాకులోని చీలిక పూడ్చారు, కొత్త గొట్టాలు తొడిగారు. మూడో రోజు పొద్దున నన్ను రోడ్డుకి ఆవలి పక్కన నిలబెట్టి, షెడ్డు తలుపులు బార్లా తెరిచారు. స్టాండు మీద నా ఇంజను. పక్కన స్క్రూడ్రైవరు పట్టుకుని కాలేషా.

ముందు దగ్గింది. రెండోసారి అందుకుంది. లోపల చీకటిగా ఉంది, పొగలో మనుషులు సరిగా కనపడటం లేదు. కాసేపటికి కాలేషా గొంతు రోడ్డు దాటి వచ్చింది. "రెండో సిలిండరులో టాపెట్టు కొట్టుకుంటా ఉండాది! పద్నాలుగో నంబరు స్పానరు ఇయ్యి పాపా!" వకుళ "ఇదిగో భాయ్!" అంటోంది. ఆమె గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను.

నేను మాత్రం ఆ చప్పుడే వింటున్నాను. అరవై ఏళ్లు అది నా కడుపులోనే ఉంది. బయట నిలబడి వినడం అదే మొదటిసారి. కాస్త గరుకుగా ఉంది, మధ్యలో ఎక్కడో లారీ స్ప్రింగు తాలూకు చిన్న విరుపు ఉంది. కాలేషా బస్సెక్కి వచ్చి శుక్రవారం శుక్రవారం విన్నది దీన్నే కదా అనుకున్నాను.